కొండలైనుపై గూడ్సు బండ్ల ఫోటోగ్రఫీ

కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో గూడ్సు బండ్లను ఫోటో తీయడానికి శరదృతువు ఎంతో అనువైన కాలం. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి 1960లలో వేసిన మార్గమిది. దాదాపు 445 కిలోమీటర్ల పొడవున, 58 సొరంగాలతో తూర్పు కనుమలను దాటి ఛత్తీస్‌గఢ్‌లోకి సాగుతుంది. విశాఖ వైపు నుంచి వెళ్తే శివలింగపురం, బొర్రా గుహలు స్టేషన్ల మీదుగా ఎక్కుతూ శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఖనిజం నిండిన బండ్లు రెండు మూడు ఇంజన్లతో కొండ దిగుతాయి. ఖాళీ బండ్లు ఎక్కుతాయి.

ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో వానలు తగ్గుముఖం పట్టి గాలిలో దుమ్ము అణిగి ఉంటుంది. దూరపు కొండలు స్పష్టంగా కనిపిస్తాయి. అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది, వాగులు పారుతుంటాయి. అరకు ప్రాంతంలో వలిసె చేలు పసుపు పూలు పూస్తాయి. ఎర్రటి ఖనిజ ధూళి పట్టిన వ్యాగన్లు ఆ పచ్చదనంలో కొట్టొచ్చినట్టు కనబడతాయి.

వెలుతురు కూడా అనుకూలిస్తుంది. వేసవిలో నడినెత్తిన ఉండే సూర్యుడు కార్తీకానికి దక్షిణానికి వాలుతాడు. మధ్యాహ్నం కూడా బండి పక్కభాగంపై ఏటవాలు ఎండ పడుతుంది. అందుకే పట్టాలకు దక్షిణం వైపు నిలబడితే మేలు. లోయల్లో మాత్రం ఎండ ఆలస్యంగా వచ్చి త్వరగా వెళ్లిపోతుంది.

గూడ్సు బండ్లకు ప్రయాణికులకు తెలిసే టైంటేబుల్ ఉండదు. కాబట్టి సిగ్నళ్లను గమనించాలి. రెండో లైను లేని చోట స్టేషన్లలో క్రాసింగులు జరుగుతాయి. ఎదురు బండి రాగానే లూప్ లైనులో ఆగినది కదులుతుంది. అర కిలోమీటరుకు పైగా పొడవుండే బండి మొత్తం కనిపించాలంటే మలుపు బయటి వైపు కంటే దానికి ఎదురుగా ఉన్న గట్టు మంచిది. 70–200 మిల్లీమీటర్ల లెన్సు మలుపునూ కొండనూ దగ్గర చేసి చూపిస్తుంది. బండి కదలిక స్తంభించాలంటే షట్టరు వేగం సెకనులో 500వ వంతు ఉండాలి. సొరంగం చీకటికి కెమెరా మోసపోయి ఇంజనును వెలిసిపోయేలా తీస్తుంది. ముందే ఎండపడిన కొండను చూసి ఎక్స్‌పోజరును మాన్యువల్‌గా స్థిరపరచుకోవాలి.

పట్టాలు, వంతెనలు, సొరంగాలు ఫోటోలకు చోటు కాదు. వాలులో దిగే బరువు బండి వెంటనే ఆగలేదు. పైన తీగల్లో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంటుంది. రైల్వే స్థలంలోకి అనుమతి లేకుండా వెళ్లడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. స్టేషన్లలో ముందుగా స్టేషన్ మాస్టరు అనుమతి అడగాలి. పొలంలో నిలబడాలంటే రైతును అడగాలి, పూల కోసం చేను తొక్కకూడదు.