సీప్లేన్‌లో సీటు ఖాళీగా ఉన్నా ఎక్కనివ్వరు.. ఎందుకో తెలుసా?

విజయవాడ పున్నమి ఘాట్‌లో 2024 నవంబర్ 9న జరిగిన సీప్లేన్ డెమో గుర్తుందా? సీఎం చంద్రబాబు, కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి రామ్మోహన్ నాయుడు అందులోనే శ్రీశైలం వెళ్లారు. ఆ వీడియో చూడగానే చాలామందికి వచ్చిన డౌట్.. టికెట్ ఎంత ఉంటుంది? అయితే సీప్లేన్ ఎక్కే ముందు తేలాల్సిన లెక్క ఇంకోటి ఉంది. మీ బరువెంత? మీ బ్యాగు బరువెంత?

5,670 కిలోలు.. అంతే!

డెమోకు వచ్చింది డీ హావిలాండ్ కంపెనీ తయారు చేసిన ట్విన్ ఆటర్ విమానం. టేకాఫ్ సమయంలో దీని మొత్తం బరువు 5,670 కిలోలు దాటకూడదు. విమానం సొంత బరువు, పైలట్లు, ఇంధనం, ప్రయాణికులు, లగేజీ.. అన్నీ ఇందులోకే రావాలి. చక్రాల మీద నడిచే ట్విన్ ఆటర్‌లో 19 మంది వరకు కూర్చోవచ్చు. నీళ్ల మీద దిగాలంటే మాత్రం కింద పెద్ద ఫ్లోట్లు బిగించాలి. వాటి బరువు కూడా ఇదే లెక్కలో పడుతుంది. అందుకే సీట్లు తగ్గుతాయి. విజయవాడ వచ్చింది 14 సీట్ల విమానం.

10 కిలోలే కదా అనుకుంటే..

14 మందీ తలా 10 కిలోలు అదనంగా తెచ్చారనుకుందాం. మొత్తం 140 కిలోలు. అంటే దాదాపు ఇద్దరు మనుషుల బరువు. దాన్ని సర్దాలంటే ఇద్దరిని దించేయాలి. లేదంటే సుమారు 175 లీటర్ల ఇంధనం తగ్గించాలి. కానీ శ్రీశైలంలో వాతావరణం బాగోక దిగలేకపోతే వెనక్కి రావడానికి ఇంధనం ఉండాలి కదా! అందులో కోత పెట్టడం కుదరదు. ఇక మిగిలింది బ్యాగులు దించడమే.

బెజవాడ ఎండతోనూ తంటా

గాలి వేడెక్కితే పలచబడుతుంది. అప్పుడు రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్ శక్తీ తగ్గుతుంది. జనవరి ఉదయం తేలిగ్గా లేచే విమానం మే నెలలో 45 డిగ్రీల ఎండలో అదే బరువుతో లేవాలంటే ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి. బరువు పెరిగితే ఫ్లోట్లు నీళ్లలోకి ఇంకాస్త దిగుతాయి, నీరు వెనక్కి లాగుతుంది. ఫ్లోట్లలోకి నీళ్లు చేరినా బరువే. అందుకే ప్రయాణానికి ముందు వాటిని చెక్ చేసి, నీళ్లుంటే పంపుతో తోడేస్తారు.

శ్రీశైలం నుంచి తిరుగు ప్రయాణంలో ఇంకో చిక్కు. ప్రకాశం బ్యారేజీ దగ్గర పూర్తి నీటిమట్టం సుమారు 57 అడుగులైతే, శ్రీశైలం జలాశయంలో 885 అడుగులు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచన. పైగా చుట్టూ నల్లమల కొండలు. నీళ్ల మీద నుంచి లేవడమే కాదు, కొండలు దాటేంత ఎత్తుకు ఎక్కగలగాలి.

ఎక్కడ కూర్చోవాలో కూడా వాళ్లే చెప్తారు

మొత్తం బరువు లిమిట్‌లో ఉన్నా సరిపోదు. ఎక్కువ బరువు తోక వైపు చేరితే ముక్కు పైకి లేస్తుంది, విమానం పైలట్ అదుపు తప్పొచ్చు. అమెరికన్ సింగర్ ఆలియా 2001 ఆగస్టు 25న బహామాస్‌లో చిన్న సెస్నా విమానం కూలి చనిపోయారు. మొత్తం 9 మంది ప్రాణాలు పోయాయి. ఆ విమానంలో పరిమితికి మించి సుమారు 320 కిలోలు ఉన్నాయనీ, బరువు వెనక్కి ఎక్కువగా చేరిందనీ దర్యాప్తులో తేలింది.

అంత దూరం ఎందుకు? 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పరిమితికి మించి జనంతో వెళ్తున్న బోటు బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. నీళ్ల మీదైనా, గాల్లోనైనా ‘ఇంకొక్కరే కదా’ అనే మాటే ప్రమాదం.

కాబట్టి సీప్లేన్ ఎక్కే రోజు ఘాట్‌లో కాటా ఎక్కమంటే మొహమాటపడొద్దు. బరువు తగ్గించి చెప్పొద్దు. బ్యాగుతో పాటు ప్రసాదం సంచీ కూడా కాటా మీద పెట్టండి. చెప్పిన సీటులోనే కూర్చోండి. ‘ఈ ట్రిప్‌లో కుదరదు, తర్వాతి ట్రిప్‌కు రండి’ అంటే గొడవ పడొద్దు. ఆ ఖాళీ సీటు మిగతావాళ్ల సేఫ్టీ కోసమే.