నిర్వహణ విద్య యెవరి సొత్తు?

వ్యాపారము నేర్పిన వచ్చునది కాదు, పుట్టుకతో రావలెనను మాట మన దేశమున చిరకాలముగా వినవచ్చుచున్నది. తండ్రి యంగడిలో కూర్చుండి చిట్టా, ఆవర్జాలు నేర్చిన వర్తక కుటుంబముల విషయమున నీ మాట కొంతవఱకు చెల్లినది. కాని నేడు పండించువాడే పంటను నిలువచేయుటకు, అమ్ముటకు, పెట్టుబడి తెచ్చుటకు, సంఘముగా గూడుటకు పూనుకొనవలసి వచ్చినది. అతనికి తండ్రి యంగడి లేదు. కనుక నిర్వహణ విద్య యనగా నేమి, అది యెవరికి చెందవలెను అని విచారింపవలసి యున్నది.

ఈ విద్యకు విశ్వవిద్యాలయములందు పీఠము వేసినది అమెరికా దేశము. 1881లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున వార్టన్ పాఠశాల వెలసినది. 1900లో డార్ట్‌మత్ కళాశాల పట్టభద్రులకై ప్రత్యేకశాఖను నెలకొల్పినది. 1908లో హార్వర్డు ఎం.బి.ఏ. పట్టమునకు నాంది పలికినది. స్వతంత్ర భారతమున 1961లో కలకత్తా, అహమ్మదాబాదు నగరములందు భారతీయ నిర్వహణ సంస్థ లేర్పడినవి. మొదటిదానికి మసాచుసెట్సు సాంకేతిక సంస్థయు, రెండవదానికి హార్వర్డును తోడ్పడినవి. విశాఖపట్టణమున నట్టి సంస్థ 2015లో ప్రారంభమైనది.

రెండేండ్ల యీ చదువున మొదటి యేట నందఱును చదువవలసిన మూలపాఠ్యములు కొన్ని కలవు. పేర్లు గంభీరములైనను విషయము మన యింటిదే. గుంటూరు ప్రాంతపు రైతొకడు, కల్లమున క్వింటాలు 12,000 రూపాయల కడిగిన మిరపకాయల నమ్మక, శీతల గిడ్డంగిలో నాఱు మాసము లుంచెననుకొందము. అతని యప్పునకు వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలు. అమ్మి యప్పు తీర్చియుండినచో తప్పెడి వడ్డీ క్వింటాలునకు 1,440 రూపాయలు. గిడ్డంగి యద్దె, కూలి, బండి బాడుగ కలిసి 360 రూపాయలు. తుదకు 13,500 రూపాయల కమ్మి, 1,500 లాభించితినని యతడు సంతసించును. నిజమునకు క్వింటాలునకు 300 రూపాయలు నష్టపడినాడు. అంకెలు మేము కల్పించినవే; ఇట్టి నష్టము మాత్రము కల్పితము కాదు.

అయిన ఖర్చు నంతయు మఱుగుపఱుపక చూపునది గణకశాస్త్రము. నేటి రూపాయియు నాఱు నెలల తరువాతి రూపాయియు నొకటి కావని చెప్పునది ద్రవ్యనిర్వహణము. కొనువాడెవడు, వానికి వలసిన రంగు, కారము, తేమ యెట్టివి యని విచారించునది విక్రయశాస్త్రము. ఆరబెట్టుటయందు, ఏరుటయందు, మూటలు గట్టుటయందు వృథాను తగ్గించునది ఉత్పత్తి నిర్వహణము. గడచిన యేండ్ల ధరలను బట్టి ఎంత ధైర్యము చేయవచ్చునో తెలుపునది సంఖ్యాశాస్త్రము. పదిమందిచేత పని చేయించు తెఱగు మనుష్యప్రవర్తన శాస్త్రమున కలదు. ఇవి యన్నియు తూచి, ఒంటరిగా నమ్ముటయా, ఉంచుటయా, సంఘముగా గూడుటయా యని నిశ్చయించుట వ్యూహము. ఇందులో నేది మన రైతునకు అక్కఱలేనిది?

ఈ విద్య పరదేశముననే పుట్టినదని సంకోచింప బనిలేదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున ద్వితీయాధికరణము లెక్కల కార్యస్థానమైన అక్షపటలమును వర్ణించినది. అధికారులు ధనము నపహరించు మార్గములు నలువది యని లెక్కించినది. అయితే ఆనాటి లెక్క రాజునకు చెప్పవలసిన లెక్క. నేటి కంపెనీలో అది వాటాదారులకు చెప్పవలసిన లెక్క. సంఘమున నది పాలుపోసిన, పంట తెచ్చిన ప్రతి సభ్యునకును చెప్పవలసిన లెక్క. శాస్త్ర మొక్కటియే, ఎవరి కుత్తరవాదియో యన్నదే భేదము.

ఈ భేదము నెఱిగినవారు గుజరాతులోని ఖేడా పాలరైతులు. వారు 1946లో త్రిభువనదాసు పటేలుగారి నాయకత్వమున సంఘముగా గూడిరి. 1949లో కురియనుగారు అచ్చటికి వచ్చిరి. సంఘములు పెరిగిన కొలది, పట్టణ కంపెనీలకు తయారైన పట్టభద్రులు వానికి చాలరని గ్రహించి, 1979లో ఆనందులోనే గ్రామీణ నిర్వహణ సంస్థను స్థాపించిరి. 2025లో పార్లమెంటు శాసనముచే ఆ సంస్థయే త్రిభువన్ సహకార విశ్వవిద్యాలయమునకు పీఠమైనది. పాలు ముందు, పాఠశాల తరువాత. చదువు పనిని వెన్నంటి వచ్చినది.

మనకును మార్గము మూసియుండలేదు. కంపెనీ చట్టము ప్రకారము పదిమంది రైతులు గూడి యుత్పత్తిదారుల కంపెనీని స్థాపించుకొనవచ్చును. వాటా లెన్నియున్నను వ్యక్తిసభ్యున కొక్కటే వోటు. అయితే వోటు గలవాడు ఆస్తి అప్పుల పట్టీని చదువలేనిచో ఆ వోటు గుమాస్తా చేతిలోనిదే యగును. అడితిదారుని చేతినుండి తప్పించుకొని కార్యదర్శి చేతిలో పడుట స్వరాజ్యము కాదు.

స్వాతంత్ర్యోద్యమ కాలమున ఆచార్య రంగాగారు నిడుబ్రోలున రైతాంగ విద్యాలయమును నెలకొల్పి, రైతు యువకులకు రాజకీయార్థిక విషయములను బోధింపజేసిరి. ఆ పని కొనసాగవలసి యున్నది. మన విశ్వవిద్యాలయములు ఈ మూలపాఠ్యములను రైతుసంఘముల కార్యదర్శులకును, సభ్యుల బిడ్డలకును తెలుగున బోధింపవలెను. అహమ్మదాబాదు సంస్థలో, హార్వర్డులో వలె, నిజముగా నడచిన వ్యాపారముల యుదంతములను ముందిడి, నీవైన నేమి చేయుదువని విద్యార్థిని ప్రశ్నింతురు. మన మిరప, పసుపు, పాల సంఘముల జయాపజయములును అట్లే తెలుగు ఉదంతములుగా వ్రాయబడవలెను.

అంతవఱకు చదువుకొన్న భూస్వాములును, పట్టణవాసులును చేయదగిన పని యొకటి కలదు. మీ గ్రామసంఘపు వార్షికసభకు వెళ్లుడు. లెక్కల పత్రము నడుగుడు. దానిని సభ్యులందఱకు వినిపించి, పంక్తి పంక్తికి అర్థము చెప్పింపుడు. మీరు చెప్పగలిగినచో మీరే చెప్పుడు. నిర్వహణ విద్యకు మన యూళ్లలో మొదటి తరగతి అదియే.