పది గుడ్లు పొదగేస్తే పుంజులెన్ని?

నాటుపెట్ట కింద 10 గుడ్లు పొదగేశారనుకుందాం. అన్నీ పిల్లలు కావు. పుంజు కలవని గుడ్డు ఒకటి, మధ్యలో మురిగిపోయింది ఒకటి పోగా 21వ రోజుకు 8 పిల్లలు లేస్తే అది మంచి పొదుగే. ఆ ఎనిమిదిలో పుంజులు సగటున 4. ఇంటికి కావలసింది ఒక్కటి. మిగతా మూడింటి సంగతి గుడ్లు పెట్టకముందే తేల్చుకోవాలి. ఇంట్లో పిల్లలు వాటికి పేర్లు పెట్టేశాక తేల్చుకోవడం కష్టం.

సగటు మాట అలా ఉంచి, అవకాశాలు చూద్దాం. ప్రతి పిల్లా పుంజయ్యే, పెట్టయ్యే అవకాశం చెరిసగం. ఆ లెక్కన 8 పిల్లల పొదుగు 256 రకాలుగా రావచ్చు. అన్నీ పెట్టలే అయ్యేది అందులో ఒక్క రకం. మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ పుంజులు వచ్చేవి 219, అంటే నూటికి 85 పైనే. ఐదు, ఆపైన వచ్చే అవకాశం కూడా నూటికి 36 ఉంది. ‘మాకెప్పుడూ పెట్టలే ఎక్కువండీ’ అనేవాళ్లది అదృష్టమే తప్ప హస్తవాసి కాదు.

మనుషుల్లో ఆడా మగా తేల్చేది తండ్రి క్రోమోజోమ్. కోళ్లలో ఆ పని పెట్టది. పుంజుకు ఉన్నవి రెండూ జెడ్ క్రోమోజోములే, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెంకు కట్టకముందే ఫలితం తేలిపోతుంది. కాబట్టి మొన తేలిన గుడ్డు పుంజనీ గుండ్రటిది పెట్టనీ ఏరిపెట్టడం వల్ల లాభం లేదు. ఇంక్యుబేటర్‌లో వేడి మార్చినా అంతే. 37.5 డిగ్రీలు పిండం బతకడానికే, పెట్టలు రావడానికి కాదు. ఆ బతకడమే మన ఏప్రిల్, మే నెలల్లో కష్టం. గది వేడికే పిండం కాస్త ఎదిగి ఆగిపోతుంది. పొదిగించే గుడ్లు మామూలు రోజుల్లో వారం వరకు, ఎండాకాలంలో మూడు నాలుగు రోజులకు మించకుండా నిల్వ చేయాలి. ఏడో రాత్రి టార్చి వెలుగులో ఎర్రటి నరాలు పాకి కనిపిస్తే గుడ్డు నిలిచినట్టు. తేటగా ఉంటే తీసేయొచ్చు.

పుంజో పెట్టో తెలియడానికి ఓపిక కావాలి. ఆరేడు వారాలకు జుట్టు ఎర్రబడటం ఒక గుర్తు. మెడ మీదా తోక మొదట్లోనూ ఈకలు సన్నగా మొన తేలేసరికి మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా అన్నిటికీ మేత ఒక్కటే. ఎదిగిన పుంజు రోజుకు సుమారు 120 గ్రాములు తింటుంది. అదనంగా ఉన్న మూడింటికి నెలకు 11 కిలోలు, ఏడాదికి 130 కిలోలు. పెరట్లో పురుగూ పుట్రా ఏరుకునే కోడికి ఇందులో కొంత తగ్గుతుంది. మేడ మీది గూట్లో కోడికి తగ్గదు.

మేత ఖర్చును భరించేవాళ్లు కూడా కూతల దగ్గర ఓడిపోతారు. మీటరు దూరంలో పుంజు కూత 90 డెసిబెల్స్ ఉంటుంది. దూరం రెట్టింపయినప్పుడల్లా 6 తగ్గితే, 16 మీటర్ల అవతల పక్కింటి కిటికీ దగ్గర 66. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు పెట్టిన పరిమితి 45. అది సగటు శబ్దానికి పెట్టింది, ఒక్కో కూతకు కాదు. నిద్ర చెడిన పొరుగాయనకు ఆ తేడా చెప్పి చూడండి. పైగా పుంజు వెలుతురు చూసే కూయదు. తెల్లవారడానికి దాదాపు రెండు గంటల ముందే దాని ఒంట్లోని గడియారం కూయిస్తుందని జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో చూపించారు. గుంపులో పెత్తనం చేసే పుంజు ముందు కూస్తుంది, మిగతావి హోదా ప్రకారం అందుకుంటాయి. నాలుగుంటే నాలుగూ కూస్తాయన్నమాట.

పెట్టలకూ ఇబ్బందే. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. నాలుగు పెట్టల మీద నాలుగు పుంజులు పడితే వాటి వీపున ఈకలు మిగలవు.

పల్లెలో దీనికి జవాబు పాతదే: ఐదారు నెలల పుంజు పండక్కో, చుట్టమొచ్చినప్పుడో పులుసవుతుంది, లేదా అమ్మవారి జాతరకు వెళ్తుంది. పెంచినచేత్తో కోయడమేమిటని పట్నంలో కొందరు ముఖం చిట్లిస్తారు. నాకైతే గుడ్ల పరిశ్రమ లెక్క ఇంతకన్నా కఠినంగా కనిపిస్తుంది. లేయర్ జాతి పుంజు గుడ్డు పెట్టదు, మాంసానికీ గిట్టదు. అందుకే ప్రపంచంలో ఏటా సుమారు 700 కోట్ల మగపిల్లలను పుట్టగానే చంపేస్తున్నారు. మన వీధుల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు వేసి అమ్మే పిల్లలు చాలావరకు అలా పక్కన పడేసినవే. జర్మనీ ఈ చంపడాన్ని 2022 జనవరి 1 నుంచి నిషేధించింది. పెట్టపిల్లలనే ఏరి కొన్నా, వాటితో పుట్టిన పుంజులకు ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసే ఉంటారు.

అమ్మడంలో ఒక జాగ్రత్త. సంక్రాంతి ముందు గోదావరి జిల్లాల వైపు నుంచి వచ్చి కాళ్లూ ముక్కూ పరీక్షగా చూసి, అడిగిన ధర ఇస్తానన్నవాడు పులుసుకు కొనడం లేదు. కోడిపందెం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. తొలిసారి దొరికితే ఆ చట్టంలో జరిమానా మాత్రం 10 నుంచి 50 రూపాయలే. బరిలో చేతులు మారే డబ్బు ముందు అది చిల్లర కూడా కాదు.

చంపలేం, అమ్మలేం అనేవాళ్లు పుంజులన్నిటినీ పెట్టల కంటపడకుండా వేరే దొడ్లో పెంచొచ్చు. కలిసి పెరిగినవైతే కొట్లాటలు తగ్గుతాయి. పందెం జాతి అసీల్ రక్తం ఉన్నవాటితో కుదరదు, దేని గంప దానికి ఉండాల్సిందే. ఇదంతా వద్దనుకుంటే తక్కువ గుడ్లు పొదగేయండి. ఒకటికి మించి పుంజులు రాకుండా బయటపడే అవకాశం 8 పిల్లలు లేస్తే నూటికి మూడున్నర. 4 గుడ్లు పెట్టి 3 పిల్లలే లేస్తే సరిగ్గా సగం.