పోయిన బోనుకి కిటికీ

బుజ్జమ్మా, తాడు తెగి సముద్రంలో పోయిన వల ఏమవుతుందని అడిగావు కదూ? అది ఊరికే పడి ఉండదమ్మా. లాగేవాడు లేకపోయినా పడుతూనే ఉంటుంది. ఒక చేప చిక్కి చస్తుంది, ఆ వాసనకి ఇంకోటి వచ్చి చిక్కుతుంది. దీన్నే దయ్యపు వేట అంటారు.

ఒకప్పుడు వలలు నూలుతో, జనుముతో అల్లేవారు. చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి, వేట నుంచి రాగానే ఎండలో ఆరేసేవారు. తడి ఆరకుండా వదిలేస్తే కుళ్లిపోయేవి. నైలాన్ వచ్చాక ఆ చాకిరీ తప్పింది. తేలిక, గట్టి, నీళ్లలో కనబడదు, కుళ్లదు. జాలర్లు దాన్ని వదులుకోరంటే వాళ్లని తప్పుపట్టకు. వల పోయిన రోజునే ఆ కుళ్లకపోవడం శాపమవుతుంది.

మరి కుళ్లే ప్లాస్టిక్ చేయకూడదా అంటావు. చేశారు. దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు పీబీఎస్, పీబీఏటీ అనే రెండు కుళ్లే ప్లాస్టిక్కుల్ని 82, 18 పాళ్లలో కలిపి దారం తీశారు. ప్లాస్టిక్ అణువుని పొడుగాటి పూలదండ అనుకో. ఈ రెండింటిలోనూ పువ్వుకీ పువ్వుకీ మధ్య ఉన్నది ఎస్టర్ ముడి. నీళ్లు దాన్ని మెల్లగా వదులు చేస్తాయి, సూక్ష్మజీవుల ఎంజైములు తెంపేస్తాయి. నైలాన్‌లో ఉన్నది అమైడ్ ముడి. పైగా పక్కపక్క దండలు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి బిగించి పట్టుకుంటాయి. అక్కడ సూక్ష్మజీవుల ఆటలు సాగవు.

ఆ కొరియా దారం సముద్రంలో 24 నెలలు దాటాక శిథిలం కావడం మొదలైంది. క్రోకర్ చేపల వేటలో నైలాన్‌తో దాదాపు సమానంగా పట్టింది, పిల్ల చేపలు తక్కువ పడ్డాయి కూడా. కానీ అంతే లావున్న నైలాన్ దారమంత బలం లేదు, తడిస్తే దానికన్నా ఒకటిన్నర రెట్లు బిరుసు. ఇలాంటి వలనే నార్వేలో కాడ్ చేపలకి వేసి చూస్తే నైలాన్ కన్నా తక్కువ పడ్డాయి. ఆ తగ్గిన చేపల డబ్బు ఎవరిస్తారు? సముద్రం బాగుకోసం జాలరి ఒక్కడే నష్టపోవాలనడం న్యాయం కాదు.

అందుకే అమెరికాలో చీసపీక్ బే దగ్గర చేసిన పని నాకు బాగా నచ్చింది. అక్కడ నీలి పీతల్ని తీగబోనులతో పడతారు. 2008 నుంచి 2014 వరకు జాలర్లకే కూలిచ్చి వెతికిస్తే, ఒక్క వర్జీనియా వైపే 34 వేలకు పైగా పోయిన బోనులు బయటపడ్డాయి. వర్జీనియా సముద్ర శాస్త్ర సంస్థవాళ్లు బోను మొత్తం జోలికి పోలేదు. గోడలో చిన్న కిటికీ కోసి, దానికి పీహెచ్ఏ పలక బిగించారు. పీహెచ్ఏ అంటే బాక్టీరియా కరువు రోజులకని ఒంట్లో దాచుకునే తిండి. ఆ జాతి పదార్థాల్లో ఒకదాన్ని 1926లోనే పారిస్‌లో మారిస్ లెమోయిన్ గుర్తించాడు. ఒక బాక్టీరియా దాచుకున్నదాన్ని ఇంకో బాక్టీరియా తినేస్తుంది.

అసలు తెలివి ఇక్కడుంది, జాగ్రత్తగా విను. వాడుకలో ఉన్న బోనుని జాలరి మాటిమాటికీ పైకి లాగుతాడు. ఎండ తగులుతుంది. అతినీలలోహిత కిరణాలకి ఆ పలకని తినే సూక్ష్మజీవులు నిలవలేవు, పలక భద్రం. తాడు తెగి బోను అడుగున ఉండిపోయిందా, ఇక వాటికి అడ్డు లేదు. తినేస్తాయి, కిటికీ తెరుచుకుంటుంది, పీతలు నడుచుకుంటూ బయటికి పోతాయి. ఈ పలక వల్ల జాలరికి పడే పీతలు తగ్గలేదు. అలాస్కాలోనైతే పీతల బోనులో కొంత భాగం నూలు దారంతో కుట్టాలని నియమముంది. దారం చీకితే దారి దొరుకుతుంది.

పేరు చూసి మోసపోకు సుమా. మొక్కజొన్న నుంచి చేసే పీఎల్ఏ కూడా కుళ్లే ప్లాస్టిక్కే అంటారు. అది కుళ్లాలంటే 60 డిగ్రీల దాకా వేడెక్కే ఎరువు గుట్ట కావాలి. చల్లటి సముద్రంలో అది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

వలకి కిటికీ పెట్టలేం, నిజమే. కానీ నీళ్లలో వలని గోడలా నిలబెట్టేవి పైతాడుకి కట్టిన బెండ్లు. వాటిని కట్టే దారం ఒక్కటి కుళ్లేదైతే, కొన్నాళ్లకి బెండ్లు ఊడి పైకి తేలతాయి, వల కుప్పకూలుతుంది. కూలిన వల చేపల్ని పట్టడం చాలావరకు తగ్గుతుంది. బెండ్లు ఒడ్డుకి కొట్టుకొస్తే ఏరుకోవచ్చు. వల మొత్తం మార్చమని జాలరిని అడిగే ముందు, ఆ కట్టుదారం మార్చి చూడమని నేనైతే అడుగుతాను.