ప్యాడ్ మీద కనిపించని రక్తస్రావం

సిజేరియన్ అయ్యి ఇంటికొచ్చిన బాలింత కుట్లకు ఒకపక్కనే నొప్పి అంటుంది. ప్యాడ్ మీద రక్తం మామూలుగానే ఉంది. మదనపల్లె అయినా పుంగనూరయినా కుప్పం పల్లెలైనా ఇంట్లో వచ్చే మొదటి మాట 'గ్యాస్ పట్టిందిలే', వెనకే వాము నీళ్లు. చాలాసార్లు అది గ్యాసే. అరుదుగా మాత్రం పొట్ట గోడలోనే రక్తం కారుతూ ఉంటుంది.

బొడ్డుకు అటూ ఇటూ నిలువుగా రెండు కండరాలుంటాయి. గజ్జల వైపు నుంచి వచ్చే రక్తనాళం ఒక్కోదాని వెనకగా పైకి పోతుంది. సిజేరియన్‌లో సాధారణంగా ఈ కండరాలను కోయరు, పక్కలకు జరుపుతారు. ఆ జరపడంలో తెగిన చిన్న కొమ్మ అప్పటికి ఆగినట్టే ఉండి, మత్తు దిగి బీపీ పెరిగాక మళ్లీ కారవచ్చు. పొత్తికడుపు దగ్గర కండరం వెనక గట్టి పొర ఉండదు. అందుకే రక్తం మూత్రసంచి ముందున్న ఖాళీలోకి జారుతుంది. అక్కడ లీటరు దాకా పేరుకున్నా బయటికి చుక్క రాకపోవచ్చు. మామూలు కాన్పు తర్వాత ఇది మరీ అరుదు, గట్టి దగ్గు వల్ల రావచ్చు. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే కాబట్టి ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

మన దగ్గర నడికట్టు బిగిస్తారు కదా, దాని కింద వాపు కనబడదు. నొప్పి అన్నప్పుడు ముందు ఆ గుడ్డ విప్పి చూడాలి. ఒకపక్క గట్టిగా ఉబ్బిందా? తల కాస్త ఎత్తితే నొప్పి పెరుగుతోందా? డాక్టర్లు చూసేదీ ఇదే. నీలంగా కమిలేది రెండు మూడు రోజులకు గానీ కనబడదు, దాని కోసం ఆగొద్దు. మొహం పాలిపోవడం, లేస్తే కళ్లు తిరగడం, గుండె దడ, మూత్రం తగ్గడం, వీటిలో ఏది తోడైనా 108కి ఫోన్ చేయడమే.

స్కానింగ్‌లో పేరుకున్న రక్తపు గడ్డ చిన్నదని తేలితే కొన్ని వారాల్లో దానంతటదే కరుగుతుంది. పెరుగుతుంటే కుట్లు విప్పి, గడ్డ తీసి, నాళాన్ని కట్టేయాలి, రక్తం ఎక్కించాలి. కాబట్టి ఆపరేషన్ థియేటరు, రక్తనిధి రెండూ ఉన్నచోటికే పోవాలి. కుప్పం వాళ్లకు పీఈఎస్ మెడికల్ కాలేజీ ఉంది, పుంగనూరు వాళ్లకు మదనపల్లె దగ్గర. డిశ్చార్జి కాగితాలు వెంట తీసుకెళ్లండి. రక్తం పల్చబడే ఇంజెక్షన్ ఇచ్చారా, కాన్పప్పుడు బీపీ ఉందా, ప్లేట్‌లెట్లు తగ్గాయా అన్నవి డాక్టరు ముందుగా అడుగుతారు.