ఇంటిపేరులో ఏముంది? అడిగేవాళ్ల మనసులో ఏముంది?

బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల అద్దె ఇంటి కోసం తిరిగాం. అడ్వాన్సు సంగతి రాకముందే ఒక ఓనరు గారు అడిగారు: "మీ ఇంటిపేరేంటండీ?" చెప్పాం. ఆ ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉంది. అందుకే వెంటనే రెండో ప్రశ్న: "ఊళ్లో ఎక్కడ?" మాదిగపల్లె అన్నాం. టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంది, ఇల్లు మాత్రం ఖాళీ లేదన్నారు.

తెలుగు ఇంటిపేర్లలో చాలావరకు ఊరి పేర్లే. ఊరి పేరుకు కులం లేదు. అయినా అందులో కులాన్ని ఎందుకు వెతుకుతారు? యూదుల ఇంటిపేర్ల కథ వింటే అర్థమవుతుంది.

మధ్య, తూర్పు యూరప్ యూదుల్లో చాలామందికి ఒకప్పుడు స్థిరమైన ఇంటిపేరే లేదు. ఫలానా వారి కొడుకు అంటే సరిపోయేది. పన్నులకూ సైన్యానికీ రాజ్యానికి లెక్క కావాల్సి వచ్చింది. 1787లో ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్, యూదులంతా జర్మన్ ఇంటిపేర్లు పెట్టుకోవాలని శాసించాడు. 1808లో నెపోలియన్ కూడా ఇంటిపేరు తప్పనిసరి చేశాడు. ష్నైడర్ అంటే దర్జీ, గోల్డ్‌స్టీన్ అంటే బంగారు రాయి. కోహెన్ మాత్రం పాత మాట, యాజకుడని అర్థం.

1938లో నాజీలు మరో ఉత్తర్వు తెచ్చారు. పేరును బట్టి యూదులని తెలియకపోతే మగవాళ్లు 'ఇజ్రాయెల్', ఆడవాళ్లు 'సారా' అని చేర్చుకోవాలి. మనల్ని అడిగే రెండో ప్రశ్న పని కూడా అదే.

మన దేశంలో కొంకణ తీరపు యూదులు పెణ్ ఊరి నుంచి పెణ్‌కర్, రోహా నుంచి రోహేకర్ అయ్యారు. అంబడవే నుంచి వచ్చిన అంబేడ్కర్ పేరూ ఆ పద్ధతిదే. ఆ యూదులు గానుగ ఆడేవారు, శనివారం పని మానేవారు. ఇరుగుపొరుగు వాళ్లకు పెట్టిన పేరు 'శనివార్ తేలీ', అంటే శనివారపు గానుగవాళ్లు.

కృష్ణ దాటి గుంటూరు మీదుగా వెళితే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం వస్తుంది. అక్కడి కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఎఫ్రాయిము సంతతి అంటాయి. 1991లో సమాజమందిరం ఏర్పాటు చేసుకున్నాయి. ముందుండి నడిపిన కుటుంబం ఇంటిపేరు యాకోబి, యాకోబుకు చెందినవారని అర్థం. వంశం మీద పండితులు వాదించుకోనీ. తామెవరో తామే చెప్పుకున్నారు, మనకు అది ముఖ్యం.

పేరు మారినంత మాత్రాన రెండో ప్రశ్న ఆగదు. ఇంటిపేరు అడిగితే దాచకుండా చెబుదాం. ఊరి సంగతి అడిగితే, ఎందుకు కావాలని తిరిగి అడుగుదాం. సిగ్గుపడాల్సింది జవాబు చెప్పేవాళ్లు కాదు.