ఆకాశమున రెండు గంటలు

హైదరాబాదునుండి ఢిల్లీకి దూరమెంత? రైలు చెప్పు జవాబొకటి, విమానము చెప్పునది మఱియొకటి. కాజీపేట, బల్లార్షా, నాగపురము, భోపాలు, ఝాన్సీ, ఆగ్రాల మీదుగ పోవు రైలుమార్గము సుమారు 1,670 కిలోమీటర్లు. ఆకాశమార్గము 1,250 మాత్రమే. దీనిని తెలిసికొనుటకు పెద్ద గ్రంథములక్కఱలేదు. శంషాబాదు విమానాశ్రయము 17.2 డిగ్రీల అక్షాంశమునను, ఢిల్లీ 28.6 డిగ్రీల చెంతను ఉన్నవి. రేఖాంశమున భేదము స్వల్పము. డిగ్రీ ఒకటికి 111 కిలోమీటర్ల చొప్పున పాఠకులే గుణించి చూచుకొనవచ్చును.

గంటకు 800 కిలోమీటర్లకు మించిన వేగముతో పోవు విమానము ఈ దూరమును గంటన్నరలో దాటవలెను. కాని పైకెగయుటకును, దిగుటకును, నేలమీద వరుసలో వేచియుండుటకును కాలము పట్టును గనుక కాలపట్టికలో రెండుంబావు గంటలని వ్రాయుదురు. శీతకాలమున ఉత్తరభారతముపై మిక్కిలి యెత్తున పడమటినుండి వీచు ప్రచండవాయువు ఢిల్లీనుండి కలకత్తా పోవువారికి తోడ్పడి, మరలివచ్చువారికి ఎదురుతిరుగును. మనకది ప్రక్కనుండి తగులును గాన రాకపోకలలో అంత తారతమ్యము లేదు. ఢిల్లీ పొగమంచు మాత్రము ఎవరిని మన్నించదు. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున ఈ లెక్కలన్నియు తాఱుమాఱగును.

అయినను మేమిక్కడ విచారింపదలచినది ఆకాశముమాట కాదు, నేలమాట.

వరంగల్లు రైతొకడు తన భూమి వ్యాజ్యమునకై ఢిల్లీలోని సర్వోన్నత న్యాయస్థానమునకు పోవలసియున్నదనుకొందము. అక్కడ విచారణ ఉదయము పదిన్నరకు ఆరంభమగును. ఆనాడే పోయి అందుకొనవలెనన్న ఆఱుగంటల విమానమెక్కవలెను. బయలుదేరుటకు గంట ముందుగనే సామాను పుచ్చుకొనుట మానివేయుదురు గాన నాలుగున్నరకే శంషాబాదున ఉండవలెను. వరంగల్లునుండి హైదరాబాదు చేరుటకే 145 కిలోమీటర్లు. అచ్చటినుండి నగరమును చుట్టి విమానాశ్రయమునకు పోవుట వేఱు. నాలుగు గంటల ప్రయాణము. అనగా అర్ధరాత్రి దాటినతోడనే ఇల్లు విడువవలెను! లేదా ముందునాడే పోయి ఢిల్లీలో బసకు రొక్కము చెల్లింపవలెను. ఇదియేనా రెండు గంటల ప్రయాణము? రైలైనచో కాజీపేటలోనే ఎక్కి, ఒక పగలు ఒక రాత్రి గడిపి, నగరము నడుమనే దిగును.

2008వ సంవత్సరము వఱకు విమానములు బేగంపేటలోనే దిగుచుండెను. పెరిగిన నగరమునకు ఆ చోటు చాలదన్న మాట నిజమే. శంషాబాదు విశాలత యెవరును కాదనరు. కాని అది నగరమునకు రమారమి 24 కిలోమీటర్ల దూరముననున్నది. విమానవేగము రెట్టింపైనను మన వరంగల్లు రైతునకు మిగులునది గంటకంటె తక్కువ. అతని ఊరి ప్రక్కన విమానమాగినచో మూడు గంటలకు పైగా మిగులును.

అట్టి చోటు లేకపోలేదు. నిజాము కాలమున మామునూరున నిర్మింపబడిన విమానక్షేత్రము దశాబ్దములతరబడి ప్రయాణికుల విమానములు లేక పడియుండెను. దాని పునరుద్ధరణకు 2025వ సంవత్సరమున కేంద్రప్రభుత్వ మామోదించినది. సంతోషమే. అయితే మైదానము బాగుచేసి, దీపములు వెలిగించి, శంకుస్థాపన ఫలకము నాటినంతమాత్రమున ప్రయాణము కుదించుకొనదు. పెద్ద విమానమునకు చాలినంత పొడవుగల దారి వేయుదురా? అచ్చటినుండి ఢిల్లీకి నేరుగ పోవు సర్వీసు ఉండునా, లేక ప్రయాణికుని మరల హైదరాబాదుననే దింపుదురా? అది ఉదయము పదిన్నరకు ముందు ఢిల్లీ చేర్చునా? భూములిచ్చిన రైతులు ఈ మూడు ప్రశ్నలను ఇప్పుడే అడుగుట మంచిది.